ఆది జాకెట్టు ముట్టుకోనివ్వని కుట్టు తరగతి

రాజమహేంద్రవరంలో మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక మేడ కింది వాటాలో నడుస్తున్న కుట్టు తరగతిలో నేను మూడు నెలలు నేర్చుకున్నాను. రోజుకు రెండు గంటలు, వారానికి ఆరు రోజులు, నెలకు 1,500 రూపాయల రుసుము. గుడ్డ, దారం, కత్తెర, టేపు ఎవరివి వారే తెచ్చుకోవాలి. చేరేనాటికి ఊడిన ఉక్సు తిరిగి కుట్టుకోవడం తప్ప నాకేమీ రాదు. సొంత బట్టలు తామే కుట్టుకోవాలని కోరికగా ఉండి, ఎక్కడ చేరాలో తేల్చుకోలేకపోతున్నవారికి ఉపయోగపడుతుందని అక్కడ నాకు నచ్చినవీ నచ్చనివీ రాస్తున్నాను.

మన వైపు జాకెట్టు కుట్టించుకోవడమంటే ఆది ఇవ్వడమే. ఒంటికి చక్కగా అమరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తే, దర్జీ దాన్ని కొలుచుకుని కొత్త గుడ్డ మీద గీసుకుంటారు. ఏళ్ళ తరబడి చేయి తిరిగినవారికి ఆ పద్ధతి చాలు. కొత్తగా నేర్చుకునేవారు దానితోనే మొదలుపెడితే మాత్రం ఒక చిక్కు ఉంది. పాత జాకెట్టులో భుజం జారుతూ ఉంటే కొత్తదానిలోనూ జారుతుంది, ఎందుకు జారుతోందో ఎన్ని కుట్టినా తెలియదు. నేను చేరే ముందు వెళ్ళి చూసిన మరో తరగతిలో మొదటి వారమే ఆది తెచ్చుకోమన్నారు, నెల తిరిగేలోగా జాకెట్టు కుట్టిస్తామన్నారు. ఇక్కడ టీచర్‌గారు రెండు నెలల పాటు ఆది ముట్టుకోనివ్వలేదు. ఈ తరగతిని నేను మెచ్చుకోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

ఇద్దరిద్దరం జతలుగా నిలబడి ఒకరి కొలతలు ఒకరం తీసుకునేవాళ్ళం. టేపు ఒంటికి ఆనాలి గాని బిగియకూడదనీ, ఛాతీ చుట్టుకొలత తీసేటప్పుడు వీపు మీద టేపు కిందికి జారిపోకుండా చూసుకోవాలనీ, ఊపిరి బిగబట్టి కొలిపించుకుంటే ఆ జాకెట్టుతో అన్నం తినలేమనీ టీచర్‌గారు పక్కనే నిలబడి చెప్పేవారు. తరవాత లెక్క. ఛాతీ 36 అంగుళాలైతే అందులో నాలుగో వంతు 9 అంగుళాలు. దానికి కుట్టులోకి పోయే గుడ్డ, రేపు ఒళ్ళు వస్తే విప్పి వదులు చేసుకోవడానికి ఉంచుకునే గుడ్డ కలిపి మరో ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. చంక వంపు ముందు భాగానికి వెనక కంటే అర అంగుళం లోతుగా తీయాలని రాసుకోవడం తేలికే గాని, అలా ఎందుకో నాకు అర్థమైంది మాత్రం టీచర్‌గారు మమ్మల్ని చేతులు ముందుకు చాపి చూసుకోమన్న రోజున. చేయి ముందుకు కదిలినప్పుడు అక్కడ గుడ్డ ఎక్కువుంటే ముడతలు పడి పోగవుతుంది, వీపు మీద తక్కువైతే పట్టేస్తుంది. కారణం తెలిసిన కొలతను మళ్ళీ పుస్తకం తెరిచి చూసుకోవలసిన అవసరం రాలేదు.

మొదటి మూడు వారాలు కత్తిరింపు అంతా పాత వార్తాపత్రికల మీదే. "గుడ్డ కోశాక అతకలేమమ్మా, కాగితమైతే ఇంకొకటి తీసుకుంటావు" అని టీచర్‌గారు అనేవారు. ఆ మాట ఎంత నిజమో జాకెట్టు చేతులు కోసేటప్పుడు తెలిసింది. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి ఎదురుబొదురుగా పరిచి కోయకపోతే రెండూ ఒకే వైపువి అయిపోతాయి. మా తరగతిలో ఆ పొరపాటు చేయనివారు లేరు, నేను రెండుసార్లు చేశాను. అవి కాగితాలు కాబట్టి పోయిందేమీ లేదు. అప్పటి నుంచి ప్రతి చేతికీ ముందు వైపున కత్తెరతో చిన్న గాటు పెట్టుకోవడం అలవాటైంది.

మిషను దగ్గర కూడా ఇదే ఓపిక చూపించారు. అక్కడున్నవి కాలితో తొక్కే నల్ల మిషన్లు. నాలుగు రోజులు దారం లేకుండా, గీతల నోటు పుస్తకం కాగితాల మీద సూది నడిపించారు. పైచక్రం మన వైపుకే తిరగాలి. కాలు తడబడి వెనక్కి తిరిగిందంటే దారం చిక్కుపడి తెగిపోతుంది, అందుకే తొక్కే ముందు చేత్తో చక్రాన్ని కాస్త తిప్పి ఊపు ఇవ్వాలి. ఆ తరవాత దారం ఎక్కించడం, అడుగు దారం ఉండే చిన్న రీలు, అంటే బాబిన్ చుట్టడం. కుట్టు అడుగు వైపున దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తుంటే కొత్తవాళ్ళం అందరం బాబిన్‌నే అనుమానిస్తాం, దాని మర తిప్పేస్తాం. నిజానికి పై దారం వదులుగా ఉన్నా, దారం బిగువు చక్రాల మధ్య సరిగ్గా కూర్చోకపోయినా అడుగున అలా వస్తుంది. గుడ్డను నొక్కి పట్టే మిషను పాదాన్ని పైకెత్తి ఉంచి దారం మళ్ళీ మొదటి నుంచి ఎక్కిస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక మిషను పాడైపోయిందనుకుని మెకానిక్‌ని పిలిచే ఇళ్ళు ఎన్నో ఉంటాయి.

గుడ్డ మీద మొదట దిండు గలీబులు, తరవాత ఆరు ముక్కల లంగా, ఆ పైన జాకెట్టు, చివరి వారాల్లో పంజాబీ డ్రెస్సు కుట్టించారు. జాకెట్టు దగ్గర ఎక్కువ రోజులు నిలిచాం, అది న్యాయమే కూడా. లైనింగు గుడ్డ నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాకే కోయాలనే నియమాన్ని టీచర్‌గారు ఎవరికీ సడలించలేదు. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కాబట్టి, పైగుడ్డ అలాగే ఉండి లోపలిది లాగేస్తే ఎంత చక్కని కుట్టయినా ముడుచుకుపోతుంది. ముందు భాగాలను గుడ్డ నేతకు ఏటవాలుగా, క్రాసులో కోయించారు. అలా కోసిన గుడ్డ సాగి ఒంటికి అమరుతుంది. అదే గుణం మెడ వంపు దగ్గర మనకు ఎదురు తిరుగుతుంది, చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటేనే మెడ సాగి వెడల్పయిపోతుంది. అందుకని మెడ కోసిన వెంటనే అంచు పక్కన ఒక వరస కుట్టు వేసి ఉంచమన్నారు. తప్పు వచ్చిన ప్రతిసారీ విప్పించేవారు, మీదుగా మరో కుట్టు వేసి సరిపెట్టనిచ్చేవారు కారు. నా మొదటి జాకెట్టు కుడి చేతిని మూడుసార్లు విప్పాను. మూడోసారి విప్పేటప్పుడు కళ్ళ నీళ్ళు తిరిగాయి గాని, నాలుగోసారి వేసిన కుట్టులో ఒక్క ముడతా లేదు.

ఆది లేని పద్ధతి విలువ నాకు పూర్తిగా తెలిసింది అమ్మ జాకెట్టు దగ్గర. అమ్మ కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి ఉంటుంది. ఎప్పుడూ ఆది ఇచ్చి కుట్టించుకోవడం వల్ల ప్రతి జాకెట్టూ కుడివైపు జారేది, జారుతుందని పిన్ను పెట్టుకోవడం ఆవిడకు అలవాటైపోయింది. రెండు భుజాలూ విడివిడిగా కొలిచి, కుడివైపు భుజం వాలు పావు అంగుళం పెంచి కోశాను. ఉక్సు పట్టీ కొంచెం వంకర వచ్చింది గాని భుజం నిలిచింది.

ఇక లోపాలు. మేము పద్నాలుగు మందిమి, మిషన్లు ఆరు. సాయంత్రం బ్యాచిలో వంతు కోసం అరగంట ఎదురుచూడవలసి వచ్చేది. అందరికీ కలిపి ఒక్క ఇస్త్రీ పెట్టె కూడా లేదు. ఒక కుట్టు వేశాక దాన్ని ఇస్త్రీతో అణచి, ఆ తరవాతే దాని మీదుగా ఇంకో కుట్టు వేస్తే బట్టకు తీరు వస్తుంది. ఆ సంగతి నేను ఇంట్లో కుట్టుకోవడం మొదలుపెట్టాకే నేర్చుకున్నాను. కరెంటు మిషన్లు అసలు లేవు కాబట్టి అలాంటిది కొనుక్కున్నవారు దారం దారి, పాదాలు మార్చడం వేరేచోట నేర్చుకోవాలి. కాజాలు, చేతి కుట్టు, ఫాల్ వేయడం చివరి వారంలో హడావిడిగా ముగించారు. ఈ పనితనానికి మూడు నెలలు చాలవు. నాలుగో నెల కలిపి రుసుము పెంచినా తప్పులేదని టీచర్‌గారితో నేరుగానే చెప్పాను.

చివర్లో వారిచ్చే సర్టిఫికెట్టును నమ్ముకుని ఎవరూ చేరవద్దు. ఉద్యోగానికి పనికొచ్చే పత్రం కావాలంటే ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే టైలరింగ్, ఎంబ్రాయిడరీ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు విడిగా రాయాలి. పల్లెల్లో ఉండి, ఈ పనినే జీవనాధారం చేసుకోవాలనుకునేవారికి బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పుతారు, ముందు అక్కడ అడగడం మంచిది. ఇంట్లోవారికీ తనకూ కుట్టుకోవాలనుకునేవారైతే మా తరగతి లాంటిది వెతుక్కోండి. రుసుము కట్టే ముందు ఒక రోజు కూర్చుని చూడనివ్వమని అడిగి, కొలతలు ఒంటి మీద తీయిస్తున్నారో ఆది మీద తీయిస్తున్నారో గమనించండి. కుదిరితే ఉదయం బ్యాచిలో చేరండి, మిషన్లు ఖాళీగా ఉంటాయి.