ఐఎంఎఫ్ డబ్ల్యూఈఓ డేటాబేస్ రివ్యూ: లోటు, అప్పు లెక్కలకు ఎంతవరకు పనికొస్తుంది?

రెండు దేశాల ద్రవ్య లోటునో, అప్పునో పక్కపక్కన పెట్టి చూడాల్సి వస్తే చాలామంది ముందు తెరిచేది ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) వరల్డ్ ఎకనామిక్ అవుట్‌లుక్ (డబ్ల్యూఈఓ) డేటాబేసే. ఉచితంగా దొరుకుతుంది. ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి కొత్త సంచికలు వస్తాయి. 190కి పైగా దేశాలకు 1980 నుంచి, మామూలుగా రాబోయే ఐదేళ్లదాకా అంకెలు ఉంటాయి. జనవరి, జులై నెలల్లో వచ్చేవి చిన్న సవరణలు మాత్రమే, వాటితో పూర్తి డేటాబేస్ రాదు. పోలికకైతే ఇది బాగా పనికొస్తుంది. లోటు ఎక్కడ పుట్టిందో విప్పి చూడాలంటే మాత్రం ఇది చాలదు. కంగారులో వాడితే తప్పుదోవ పట్టిస్తుంది కూడా, ఎందుకంటే జరిగిపోయిన లెక్కా, జరుగుతుందని అనుకున్న లెక్కా ఇందులో ఒకే వరసలో కూర్చుని ఉంటాయి.

ఆ రెండింటినీ విడదీసే కాలమ్ ఒకటి ఉంది. చాలామంది దాన్ని అనవసరం అనుకుని తీసేస్తారు. పాత సంచికల ఫైళ్లలో ప్రతి వరస చివర ‘ఎస్టిమేట్స్ స్టార్ట్ ఆఫ్టర్’ (అంచనాలు ఏ ఏడాది తర్వాత మొదలవుతాయో) అని ఉంటుంది. అక్కడ 2021 అని ఉంటే 2022 నుంచి ఉన్నవన్నీ ఐఎంఎఫ్ సిబ్బంది వేసిన అంచనాలని అర్థం. సంచిక 2024ది అయినా సరే, ఆ దేశానికి 2022, 2023 అంకెలు కూడా అంచనాలే. ఇది దేశానికొక సంవత్సరం కాదు, దేశంలో ఒక్కో వరసకూ ఒక్కో సంవత్సరం. జీడీపీ వాస్తవ లెక్క 2023 దాకా ఉండి, అప్పు లెక్క 2020 దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. ఆ రెండింటినీ భాగించి ఒక శాతం తీస్తే సగం నిజం, సగం ఊహ. వెబ్‌సైట్‌లో పట్టికగా చూసినప్పుడు అంచనా గడులకు షేడింగ్ కనిపించేది. ఫైల్ దించుకుంటే అది మాయం. కాబట్టి ఫైల్ తెరవగానే చేయాల్సిన మొదటి పని, ఈ కాలమ్‌తో పోల్చి ఆ సంవత్సరం దాటిన గడులన్నిటికీ వేరే గుర్తు పెట్టుకోవడం. రెండు అంకెల మధ్య సంబంధాన్ని లెక్కగట్టే రిగ్రెషన్‌లోకి వాటిని పంపితే, ఐఎంఎఫ్ తన మోడల్‌లో పెట్టుకున్న సంబంధాన్నే మనం కొత్తగా కనిపెట్టినట్టు రాసుకుంటాం.

ఫైల్ సంగతికొస్తే, పాత సంచికల్లో పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్ అని ఉన్నా లోపల ఉండేది ట్యాబ్‌లతో విడగొట్టిన మామూలు టెక్స్ట్. అందుకే తెరవగానే ఫైల్ రకం, పేరు కలవడం లేదని ఎక్సెల్ గొణుగుతుంది. ఎలాగోలా తెరుచుకుంటుంది కానీ అంకెల్లో వేల దగ్గర కామాలు ఉంటాయి. పైథాన్‌లోనో ఆర్‌లోనో చదివించినప్పుడు అవి అంకెలుగా కాక అక్షరాలుగా చేరతాయి, కూడితే ఎర్రర్ వస్తుంది, లేదా ఆ గడులు ఖాళీ అయిపోతాయి. చదివించేటప్పుడే విభజన గుర్తు ట్యాబ్ అని, ఎన్‌కోడింగ్ (కొన్ని సంచికల్లో యూటీఎఫ్-16) ఏదో, వేల గుర్తు కామా అని, ‘ఎన్/ఏ’ అంటే ఖాళీ అని చెప్పేస్తే ఆ బాధ ఉండదు. స్కేల్ కాలమ్ కూడా చూసుకోవాలి. జీడీపీ బిలియన్లలో, జనాభా మిలియన్లలో ఉంటాయి. తలసరి లెక్క వెయ్యి రెట్లు అటూ ఇటూ అయిందంటే తొంభై పాళ్లు కారణం ఇదే.

ప్రపంచ బ్యాంకు డేటాతో కలపాలనుకుంటే మూడక్షరాల దేశాల కోడ్‌ల మీద ఆధారపడతాం. దాదాపు అన్నీ కలుస్తాయి. కొసోవో, వెస్ట్ బ్యాంక్-గాజా మాత్రం కలవవు. ఇక్కడ కొసోవో యూవీకే, అక్కడ ఎక్స్‌కేఎక్స్. ఇక్కడ వెస్ట్ బ్యాంక్-గాజా డబ్ల్యూబీజీ, అక్కడ పీఎస్‌ఈ. ఎర్రర్ ఏమీ రాదు, ఆ రెండు వరసలు చప్పుడు లేకుండా జారిపోతాయి.

ఈ డేటాబేస్‌లో అసలు విలువంతా ఎవరూ చదవని ఇంకో చోట దాగి ఉంది. ఒక్కో దేశం, ఒక్కో వరస పక్కన నోట్స్ కాలమ్ ఉంటుంది. ఉదాహరణకు అప్పు వరస పక్కన గడిని వెడల్పు చేసి చూడండి. సమాచారం ఆర్థిక శాఖ నుంచి వచ్చిందా, కేంద్ర బ్యాంకు నుంచి వచ్చిందా, వాస్తవ లెక్క ఏ ఏడాది దాకా ఉంది, ఆర్థిక సంవత్సరం ఏ నెలతో మొదలవుతుంది, ఏ ఏడాది జీఎఫ్‌ఎస్ (ప్రభుత్వ ఆర్థిక గణాంకాల) మాన్యువల్ వాడారు, డబ్బు చేతులు మారినప్పుడు రాసే నగదు పద్ధతా, బాధ్యత ఏర్పడినప్పుడే రాసే అక్రూవల్ పద్ధతా, ‘జనరల్ గవర్నమెంట్’ అంటే ఆ దేశంలో ఎవరెవరిని కలిపారు, అప్పును ముఖ విలువలో లెక్కేశారా వేరే విలువలోనా, బాండ్లూ రుణాలూ కాక చెల్లించాల్సిన బిల్లులు కూడా చేర్చారా అన్నవన్నీ ఆ ఒక్క గడిలోనే ఉంటాయి. ఒక దేశంలో స్థానిక సంస్థలు, సామాజిక భద్రతా నిధులు చేరి ఉంటాయి, పక్క దేశంలో కేంద్ర ప్రభుత్వం ఒక్కటే ఉంటుంది. శీర్షిక రెండింటికీ ఒకటే. పది దేశాల పోలిక రాసే ముందు ఈ పది గడులూ చదవడానికి అరగంట కూడా పట్టదు. ఆ అరగంట ఆదా చేసుకున్న వ్యాసాలు చదివితే ఇట్టే తెలిసిపోతుంది.

సంవత్సరం విషయంలో కూడా నోట్స్ చూడక తప్పదు. భారత్ లెక్క ఏప్రిల్–మార్చి ఆర్థిక సంవత్సరానిది, 2022–23 అంకెలు 2022 కాలమ్ కింద ఉంటాయి. దాన్ని క్యాలెండర్ సంవత్సరం లెక్క ఉన్న దేశంతో పోలిస్తే ఒక త్రైమాసికం జరిగినట్టే. మామూలు ఏళ్లలో దీనివల్ల పెద్ద నష్టం లేదు కానీ 2020 లాంటి ఏడాదిలో తేడా బాగా కొడుతుంది.

అంకె ముందున్న గుర్తు దగ్గర కూడా కొత్తవాళ్లు తడబడతారు. ఇందులో ‘నెట్ లెండింగ్/బారోయింగ్’ అనే వరసలో మైనస్ ఉంటే లోటు, ప్లస్ ఉంటే మిగులు. ‘ప్రైమరీ’ అని ఉన్న వరస ఇంకాస్త మెలిక. మొత్తం లోటులోంచి వడ్డీ తీసేస్తే ప్రాథమిక లోటు అని పాఠాల్లో చదువుకుంటాం. ఇక్కడ తీసేది నికర వడ్డీ, అంటే ప్రభుత్వం కట్టిన వడ్డీలోంచి దానికి వచ్చిన వడ్డీ పోగా మిగిలినది. రెండు వరసల తేడా తీసి అదే వడ్డీ భారం అని రాస్తే, పెద్ద ఆస్తులున్న ప్రభుత్వాల దగ్గర లెక్క దారి తప్పుతుంది. నార్వేలాంటి చోట ప్రభుత్వం కట్టే వడ్డీ కన్నా దానికి వచ్చే ఆదాయమే ఎక్కువ. అసలు వడ్డీ ఖర్చు కావాలంటే ఐఎంఎఫ్‌దే అయిన జీఎఫ్‌ఎస్ డేటాబేస్‌లో వ్యయం కింద వడ్డీ పద్దు ఉంటుంది, అక్కడినుంచి తెచ్చుకోవాలి. స్థూల అప్పు, ప్రభుత్వ ఆర్థిక ఆస్తులు తీసేస్తే మిగిలే నికర అప్పు మధ్య కూడా ఇదే గొడవ. జపాన్‌కు ఏది వాడామన్నదాన్ని బట్టి కథే మారిపోతుంది. నార్వేకు నికర అప్పు సున్నా కన్నా కిందికి పోతుంది.

ఏ దేశం వరస మీదైనా నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష పెట్టొచ్చు. ఒక ఊహాజనిత దేశం తీసుకుందాం. నిరుటి అప్పు జీడీపీలో 60 శాతం. ఈ ఏడాది జీడీపీ ప్రస్తుత ధరల్లో 8 శాతం పెరిగింది. లోటు 4 శాతం. 60ని 1.08తో భాగిస్తే 55.6. దానికి 4 కలిపితే 59.6. అప్పు వరసలో ఈ ఏడాదికి 63 అని ఉంటే మిగతా 3.4 శాతం ఎక్కడినుంచి వచ్చినట్టు? విదేశీ కరెన్సీలో ఉన్న అప్పు మారకపు విలువ పడిపోయి ఉబ్బి ఉండొచ్చు. ప్రభుత్వ సంస్థ అప్పునో, బ్యాంకు నష్టాన్నో ప్రభుత్వం తన నెత్తిన వేసుకుని ఉండొచ్చు. పాత బకాయిల్ని ఇప్పుడు అప్పుగా గుర్తించి ఉండొచ్చు. లోటు నగదు పద్ధతిలో, అప్పు ఇంకో పద్ధతిలో ఉండి ఉండొచ్చు. ఈ తేడా ఏటా ఒకే వైపు, రెండు మూడు శాతం చొప్పున వస్తుంటే ఆ దేశం చూపించే లోటులో సంగతంతా లేదన్నట్టే. ఇక్కడ చాలామంది చేసే తప్పు, వాస్తవ వృద్ధి రేటు తెచ్చి ఈ సూత్రంలో పెట్టడం. ఈ లెక్కకు కావాల్సింది స్వదేశీ కరెన్సీలో, ప్రస్తుత ధరల్లో జీడీపీ. డాలర్ జీడీపీ పెడితే మారకపు రేటు రెండుసార్లు దూరుతుంది.

భాజకం గురించి ఇంకో మాట. అప్పు అలాగే ఉండి జీడీపీ లెక్క మారినా శాతం మారిపోతుంది. నైజీరియా 2014 ఏప్రిల్‌లో ఆధార సంవత్సరం మార్చేసరికి జీడీపీ ఒక్క రోజులో 89 శాతం పెరిగింది. పన్నుల వాటా, అప్పు శాతం రెండూ కాగితం మీద పడిపోయాయి. ఐర్లాండ్‌లో 2015 వృద్ధి 26 శాతం అని ప్రకటించాక, బహుళజాతి సంస్థల లెక్కలు పక్కనపెట్టి చూసే సవరించిన జాతీయాదాయం అనే కొలతను 2017లో ఆ దేశ గణాంక సంస్థే తెచ్చింది. డబ్ల్యూఈఓలో మాత్రం శాతాలన్నీ జీడీపీ మీదే. ఐర్లాండ్ అప్పు తక్కువ కదా అని ఇందులోంచి ఎత్తి రాసేముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఇన్ని తిట్టాక దీని గొప్పతనం కూడా చెప్పాలి. పాత సంచికలు అలాగే దొరుకుతాయి. ఏ సంవత్సరంలో ఏం అనుకున్నారో, తర్వాత ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 2012 అక్టోబర్ సంచికలోనే ఐఎంఎఫ్ ఆర్థికవేత్తలు ఒలివియే బ్లాంషార్, డేనియల్ లీ ఈ పనే చేశారు. అంచనాలు వేసినప్పుడు ద్రవ్య గుణకం (ప్రభుత్వ ఖర్చు ఒక రూపాయి మారితే జీడీపీ ఎంత మారుతుందన్న లెక్క) సుమారు 0.5 అన్నట్టు లోపల అనుకున్నారని, నిజానికి అది 0.9 నుంచి 1.7 మధ్య ఉన్నట్టుందని, అంటే ప్రభుత్వాలు ఖర్చు తగ్గించినప్పుడు దెబ్బ అనుకున్నదానికన్నా గట్టిగా తగిలిందని తేల్చారు. సొంత సంస్థ తప్పును సొంత డేటాతోనే బయటపెట్టడానికి వీలిచ్చిన డేటాబేస్ ఇది. గ్రీసు 2009 లోటు అదే ఏడాది అక్టోబర్‌లో 3.7 శాతం నుంచి 12.5కి సవరించడం, చివరికి అది 15 దాటడం తెలిసిందే. అలాంటి సవరణల్ని ఏ సంచికలో ఎంత అన్న క్రమంలో చూడాలన్నా దారి ఇదే. 2020 ఏప్రిల్ సంచికలో మాత్రం అంచనాలు 2021తోనే ఆగాయి. ఐదేళ్ల అంచనాల వరస కడుతుంటే అక్కడ ఖాళీ వస్తుంది.

పోటీలో ఉన్నవాటి విషయం క్లుప్తంగా చెప్పొచ్చు. ప్రపంచ బ్యాంకు అభివృద్ధి సూచికల డేటాబేస్ డబ్ల్యూడీఐ తెరవడం తేలిక, కానీ అందులో పన్నులు, అప్పు ఎక్కువగా కేంద్ర ప్రభుత్వానివే. సమాఖ్య దేశాలకు పన్ను శాతం అసలుకన్నా చాలా తక్కువగా కనిపిస్తుంది. ఎక్కువగా సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీ రెవెన్యూ స్టాటిస్టిక్స్‌లో తప్పనిసరి సామాజిక భద్రతా విరాళాలు పన్నుల్లో భాగం, జీఎఫ్‌ఎస్‌లో అవి వేరే పద్దు. యూరప్ దేశాలకు ఈ రెండు చోట్లా పన్ను శాతం చూస్తే తేడా చిన్నది కాదు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, నిర్వచనం వేరంతే. లోటు ఎక్కడ పుట్టిందో, జీతాలా సబ్సిడీలా పెట్టుబడి ఖర్చా, ఆరోగ్యానికి ఎంత, రక్షణకు ఎంత అన్న ప్రశ్నకు డబ్ల్యూఈఓ దగ్గర జవాబే లేదు. అక్కడ జీఎఫ్‌ఎస్ ఒక్కటే దిక్కు. ఖాళీ గడులు ఎక్కువే, అయినా ఉన్నచోట ఆర్థిక స్వభావాన్ని బట్టి 8 రకాల వ్యయం, చేసే పనిని బట్టి 10 రకాలు విడివిడిగా ఇస్తుంది.

నిర్మాణాత్మక లోటు, అంటే వ్యాపార చక్రం ప్రభావం తీసేసిన లోటు వరస, ఇందులో ఉంది కానీ చాలా దేశాలకు ఖాళీ. ఉన్నచోట కూడా అది లెక్కగట్టినదే, కొలిచినది కాదు. పైగా అది జీడీపీలో కాదు, సంభావ్య జీడీపీలో శాతం. మామూలు లోటు పక్కన పెట్టి తీసివేస్తే వచ్చే అంకెకు అర్థం లేదు.

చివరగా ఒక చిన్న జాగ్రత్త. పాత ఫైళ్లలో అట్టడుగున, అన్ని దేశాలూ అయిపోయాక, ఇది ఏ నెల ఏ సంవత్సరం సంచికో చెప్పే వరస ఒకటి ఉంటుంది. డేటా శుభ్రం చేసే ముందు దాన్ని తీసేయాలి, లేకపోతే కోడ్ దాన్ని కూడా ఒక దేశంగా లెక్కేసుకుంటుంది. తీసేముందు ఆ సంచిక పేరును ఫైల్ పేరులోనే రాసుకోవాలి. ఆర్నెల్ల తర్వాత అదే వరస మళ్లీ దించుకుంటే అంకెలు వేరేగా ఉంటాయి, అప్పుడు మన పట్టిక ఏ సంచిక మీద కట్టామో చెప్పేది ఆ పేరొక్కటే.