రోబో జోడీ: ఎక్కువ పాయింట్ల జట్టా, ఆగకుండా ఆడే జట్టా?

ఒంగోలు వైపు బండలాగుడు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, కాడికి కట్టే ఎద్దులు రెండూ ఒకే ఎత్తు, ఒకే నడక ఉండాలి. రోబోల జోడీకి ఆ లెక్క పనికిరాదు. మా పిల్లలతో ఎఫ్‌టీసీకి (ఫస్ట్ టెక్ ఛాలెంజ్, బడి పిల్లలు తాము తయారుచేసిన రోబోలతో ఆడే పోటీ) వెళ్లి దెబ్బ తినేదాకా నాకూ తెలియలేదు.

ఇందులో ఇటు రెండు రోబోలు, అటు రెండు. మొదటి 30 సెకన్లు రోబో ప్రోగ్రామ్ మీదే నడవాలి, తర్వాత 2 నిమిషాలు పిల్లలు నడుపుతారు. ర్యాంకులు తేల్చే క్వాలిఫికేషన్ మ్యాచ్‌ల్లో జోడీ ఎవరో షెడ్యూలే చెబుతుంది. విజేతను తేల్చే చివరి దశ, అంటే ప్లేఆఫ్స్‌కు మాత్రం పై ర్యాంకు జట్లు కెప్టెన్లయి తమ జోడీని పిలుచుకుంటాయి. పిలిస్తే కాదన్న జట్టును మరొకరు పిలవకూడదు. కాబట్టి ముందే వాళ్ల టేబుల్ దగ్గరికెళ్లి మాట్లాడుకోవాలి.

పిల్లలు వెంటనే ర్యాంకు పట్టిక చూపిస్తారు. కానీ ఆ ర్యాంకులో సగం ఎవరి పక్కన ఆడారన్నదే. మేమూ దాన్నే నమ్మి ఎక్కువ పాయింట్లు కొట్టే రోబోను పిలిచాం. అదీ మాలాగే ఒకే గోల్ మీదికి వచ్చేది. మొదటి 30 సెకన్లలోనే రెండూ ఢీకొని నిలబడిపోయాయి. తర్వాతి మ్యాచ్‌లో దాని వైరు ఊడింది. తొమ్మిదో తరగతి అమ్మాయి మా నోట్‌బుక్‌లో ఆ రోబో గురించి ముందే ఎర్ర పెన్నుతో రాసే ఉంది: ‘3వ మ్యాచ్, ఆగింది. 5వ మ్యాచ్, ఆగింది.’ పేజీ తిప్పినవాడు లేడు, నాతో సహా.

ఇప్పుడైతే పాయింట్లు కాస్త తక్కువైనా ఆరు మ్యాచ్‌లూ ఆగకుండా ఆడిన రోబోకే నా ఓటు, అదీ మనం చేయలేని పని చేసేదైతే. ఎదుటి జోడీ మనకంటే బాగా బలమైనదైతే మాత్రం ఆగిపోయే భయమున్నా పెద్ద స్కోరర్‌నే పిలవాలి. నిలకడగా ఆడి ఓడితే ఏం లాభం? ఇక నెల్లూరు నుంచి ఒకే రైల్లో వచ్చాం కదా అని మొహమాటంతో పిలవడమంటారా, అది స్నేహానికే చేటు.

వాళ్ల టేబుల్ దగ్గర నేను అడిగేది ఒక్కటే: “మొదటి 30 సెకన్లు మీ రోబో ఎటు పోతుంది? గీసి చూపించు నాన్నా.” మా గీత పక్కన పెట్టి చూస్తాం. రెండూ ఒకదాన్నొకటి దాటితే, “మీది మార్చగలరా?” అంటాం. ల్యాప్‌టాప్ తెరిచి అక్కడే మార్చి చూపించే జట్టు దొరికితే ఇక పట్టిక చూడను.