రూట్ కెనాలా, పన్ను పీకించడమా?

దవడ పన్ను పుచ్చి, పడుకోగానే జివ్వుమని లాగుతోందంటే పుచ్చు నరం దాకా పాకి ఉండొచ్చు. "పీకేయండి డాక్టరు గారూ, పీడ పోతుంది" అనేవాళ్లే మనలో ఎక్కువ. ఆ మాట అనే ముందు ఒక్క ఎక్స్‌రే చూడండి. పన్ను పీకకుండా, లోపలి పాడైన నరం తీసి శుభ్రం చేసి నింపే రూట్ కెనాల్‌తో దాన్ని కాపాడుకోవచ్చేమో తేలుతుంది.

ఖర్చు: పీకించడం చవకే, ఆ రోజుకి. తర్వాత ఖాళీలో బ్రిడ్జో (పక్క పళ్ల ఆధారంగా నిలిపే కట్టుడు పన్ను) ఇంప్లాంటో (దవడ ఎముకలో బిగించేది) పెట్టిస్తే లెక్క తారుమారు. రూట్ కెనాల్‌కి క్యాప్ (పన్ను మీద వేసే తొడుగు) ఖర్చూ కలుపుకోవాలి.

శ్రమ: పీకడం ఒక పూట పని. రూట్ కెనాల్‌కి ఒకటి నుంచి మూడు సిట్టింగులు. మత్తు సూది రెండింటికీ ఉంటుంది.

రిస్క్: పీకిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే రెండు మూడు రోజుల్లో భరించలేని పోటు వస్తుంది, పొగతాగేవాళ్లకి మరీను. ఖాళీ అలాగే వదిలేస్తే పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను ఆ సందులోకి దిగుతుంది. ఇక రూట్ కెనాల్ చేసిన పళ్లలో 86 నుంచి 93 శాతం 2–10 ఏళ్ల పాటు నిలిచాయని 2010లో వచ్చిన ఒక పరిశోధనల సమీక్ష తేల్చింది. క్యాప్ వేసినవి ఇంకా బాగా నిలిచాయి. నొప్పి తగ్గింది కదా అని క్యాప్ ఎగ్గొడితే, ఏ చేగోడీయో కొరికినప్పుడు పన్ను నిలువునా చీలిపోవచ్చు. దయచేసి అలా చేయకండి.

రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి.

వేరు చీలినా, పన్ను చిగురు కిందికి విరిగినా, పుచ్చింది జ్ఞానదంతమైనా చాలాసార్లు పీకించడమే మేలు. గోడలు గట్టిగా ఉన్న నమిలే పన్నైతే రూట్ కెనాలే.