ఆస్తి పన్ను డిస్కౌంట్లు: డబ్బున్నవాళ్ళకి ఐదు స్టార్లు, లేనివాళ్ళకి రెండు

ఇంటి పన్ను ముందుగా కట్టేస్తే ఇంత శాతం తగ్గింపు అని ఏటా మెసేజ్ వస్తుంది కదా, ఆ డిస్కౌంట్‌ని ఒక సర్వీసుగా చూసి రివ్యూ రాస్తున్నాను. వాడకం వరకు వంక పెట్టడానికేం లేదు. లింకు నొక్కి అసెస్‌మెంట్ నంబర్ కొడితే తగ్గించిన మొత్తం తెర మీద కనిపిస్తుంది, కట్టేస్తే రసీదు వచ్చేస్తుంది, ఒక్క కాగితం అడగరు, ఎవరి టేబుల్ ముందూ నిలబడక్కర్లేదు. నాకు బాగా నచ్చింది. ఎందుకు నచ్చిందంటే ఆ నెలలో నా దగ్గర డబ్బుంది, అంతే.

లెక్క చూడండి. పక్కపక్కనే ఒకేలాంటి రెండు ఇళ్ళు, రెండింటికీ పన్ను 100 అనుకుందాం. మొదటి ఇంటాయన జీతగాడు, మొదటి నెలలోనే 5 శాతం తగ్గింపుతో 95 కట్టేసి మర్చిపోయాడు. రెండో ఇంటావిడది ఏ రోజు పని దొరికితే ఆ రోజు సంపాదన, పిల్లల ఫీజులు, మందులు అయ్యాక మిగిలితేనే పన్ను, అలా గడువు దాటిన పది నెలలకి కట్టింది. నెలకి 2 శాతం చొప్పున వడ్డీ వేసే చోటైతే ఆవిడ కట్టాల్సింది 120. ఇల్లు అదే, వీధి దీపం అదే, చెత్త బండి అదే, తేడా మాత్రం 25. పైగా ఆ 25 ఇచ్చుకోగలిగిన మనిషి దగ్గర తీసుకోలేదు, ఇచ్చుకోలేని మనిషి దగ్గరే తీసుకున్నారు.

పన్ను వసూలు చేసేవాళ్ళకీ ఒక వాదన ఉంది, అది తప్పు కాదు. ఏడాది మొదట్లోనే డబ్బు చేతికొస్తే జీతాలకీ డ్రైనేజీ పనులకీ అప్పు చేయక్కర్లేదు, జనం వెంట పడే పనీ తగ్గుతుంది. సరే, అలాంటప్పుడు దాన్ని వసూలు పద్ధతి అని పిలవండి, నాకేం అభ్యంతరం లేదు. ప్రజలకి ఊరట అని పోస్టర్ వేస్తేనే ఒళ్ళు మండుతుంది.

దీన్ని కొంచెం మెరుగ్గా చేయొచ్చని చెప్పడానికి అమెరికాలోని ఫ్లోరిడా పనికొస్తుంది. అక్కడ నవంబర్‌లో కడితే 4 శాతం, డిసెంబర్‌లో 3, జనవరిలో 2, ఫిబ్రవరిలో 1, మార్చిలో మొత్తం. ఇంతవరకు పాత కథే. కానీ ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే ఏడాదిలో నాలుగు వాయిదాలుగా కట్టొచ్చు, మొదటి మూడు వాయిదాలకీ తగ్గింపు ఉంటుంది. ఒకేసారి మొత్తం తేలేనివాడికి కూడా డిస్కౌంట్ తలుపు తెరిచి పెట్టారన్నమాట. ఇంత చిన్న మార్పుకి ఖజానాలేం ఖాళీ అయిపోవు, మిగతా చోట్ల ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. ఈ వెర్షన్‌కి మూడున్నర స్టార్లు ఇస్తాను.

ఇక అందరికీ ఒకే శాతం తగ్గించే రకం. ఐర్లాండ్‌లో 2013లో లోకల్ ప్రాపర్టీ ట్యాక్స్ వచ్చింది, తర్వాత స్థానిక కౌన్సిళ్ళకి దాన్ని 15 శాతం వరకు తగ్గించుకునే అధికారం ఇచ్చారు, డబ్లిన్ సిటీ కౌన్సిల్ చాలా ఏళ్ళు ఆ పూర్తి తగ్గింపు ఇచ్చింది. వినడానికి సమానంగానే ఉంది. కానీ పన్ను 200 ఉన్న ఇంటికి 15 శాతం అంటే 30, పన్ను 2,000 ఉన్న బంగళాకి 300. చిన్న ఇంటివాడికి వచ్చిన 30తో పాటు లైబ్రరీకో పార్కుకో తగ్గిపోయిన నిధులు కూడా వస్తాయి, బంగళావాడికి లైబ్రరీ అవసరం ఎంతో మీరే ఊహించుకోండి.

బ్రిటన్‌లో కౌన్సిల్ ట్యాక్స్‌కి, అంటే అక్కడి ఇంటి పన్నుకి, ఇంకో తమాషా ఉంది: ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు. ఒంటరి తల్లులకి ఇది నిజంగా సాయమే, కాదనను. అయితే ఆదాయం ఎంతో ఎవరూ అడగరు, ఎనిమిది గదుల ఇంట్లో ఒక్కడే ఉండే కోటీశ్వరుడికీ అదే 25 శాతం, ఒకే గదిలో ఇద్దరు నిరుద్యోగులు ఉంటే వాళ్ళకి ఈ లెక్కలో సున్నా. పైగా ఇంగ్లాండ్‌లో ఇళ్ళ విలువని ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి ధరల మీదే చూస్తారు, ఆ విలువని బట్టి ఇళ్ళని A నుంచి H దాకా బ్యాండ్లుగా, అంటే తరగతులుగా, విడదీశారు, ఒకే కౌన్సిల్ పరిధిలో అన్నిటికన్నా ఖరీదైన H బ్యాండ్ ఇంటికి పడే పన్ను అన్నిటికన్నా చవకైన A బ్యాండ్ పన్నుకి మూడు రెట్లు మాత్రమే. ఇంటి ధరలో ఇరవై రెట్లు తేడా ఉన్నా సరే, పన్ను మూడు రెట్లు దాటదు. పునాదే ఇలా వంకరగా ఉంటే పైన ఎన్ని డిస్కౌంట్లు అతికించినా ఏం లాభం?

ఇప్పుడు అసలు సంగతి, ఆదాయం చూసి ఇచ్చే తగ్గింపు. కాగితం మీద ఇదే అన్నిటికన్నా న్యాయమైనది, చేతికి అందే దగ్గరే అన్నిటికన్నా ఘోరం. ముందుగా కట్టేవాడికి బటన్ నొక్కితే వచ్చే డిస్కౌంట్, పేదవాడికి మాత్రం ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంటి కాగితాలు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో వివరాలు, ఇవన్నీ తెచ్చాక వస్తుంది, అదీ వస్తే. అందుకోసం ఒక రోజు పని మానుకోవాలి. ఇల్లు చనిపోయిన నాన్న పేరు మీదే ఉండిపోతే ఇక ఆ గేటు దగ్గరే ఆగిపోవాలి, ఎందుకంటే రికార్డుల్లో మీరు యజమాని కాదు, బిల్లు కట్టేటప్పుడు మాత్రం ఎవరు కట్టినా తీసుకుంటారు. నాకు తెలిసిన ఒక పెద్దాయన తరఫున ఇలాంటి దరఖాస్తు నింపడానికి ఒక ఆఫీసులో కూర్చున్నాను, పేరు అనవసరం. ఆ ఫారంలో ఉన్న ప్రశ్నలకి జవాబులు ఆ కౌంటర్లో ఉన్నవాళ్ళకే సరిగ్గా తెలియదు, ఒకరు ఒకలా చెబితే ఇంకొకరు ఇంకోలా. ఆయనేమో మధ్యలో, పోనీలే బాబూ, ఎలాగోలా కట్టేస్తాను అనడం మొదలుపెట్టారు. ఇలాంటి పోనీలేలు ఎన్ని పోగైతే పథకం ఖర్చు అంత తగ్గుతుంది మరి.

ఇది నా ఒక్కడి గొడవ కాదు. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఆదాయం బాగా తక్కువ ఉన్న ఇంటి యజమానులకి పన్ను మాఫీ అయ్యే వీలు చట్టంలోనే ఉంది, కానీ దానికి దరఖాస్తు పెట్టాలి, ఆ తంతు సామాన్యుడికి కొరుకుడు పడేది కాదు. మాఫీకి అర్హులైనవాళ్ళ ఇళ్ళే పన్ను బకాయి కింద జప్తు అయ్యాయి. 2016లో జనం కోర్టుకెక్కితే, 2018లో రాజీ కుదిరాక గానీ దరఖాస్తు పద్ధతి సులువు కాలేదు. అసలు కట్టనక్కర్లేని పన్ను కట్టలేదని ఇల్లు పోవడం! ఇంగ్లాండ్‌లో కూడా 2013 ఏప్రిల్‌లో కౌన్సిల్ ట్యాక్స్ బెనిఫిట్‌ని, అంటే ఆ పన్ను కట్టడానికి పేదలకి ఇచ్చే జాతీయ స్థాయి సాయాన్ని, తీసేసి, నిధులు దాదాపు 10 శాతం కోసి, మీ పథకం మీరే రాసుకోండని కౌన్సిళ్ళకి అప్పగించారు. పెన్షన్ వయసువాళ్ళకి మాత్రం పాత రక్షణ ఉంచారు. దాంతో పని వయసులో ఉన్న పేదవాళ్ళకి ఎంత తగ్గుతుందన్నది వాళ్ళ పేదరికాన్ని బట్టి కాక ఏ కౌన్సిల్ పరిధిలో ఇల్లుందన్న దాన్ని బట్టి తేలుతోంది, చాలా చోట్ల ఎంత పేదవాళ్ళైనా కనీసం కొంత కట్టాల్సిందే. ఈ రకానికి ఆలోచనకి ఐదు, అమలుకి ఒకటి, సగటు మీరే వేసుకోండి.

నాకు నచ్చిన మోడల్ అమెరికాలో సర్క్యూట్ బ్రేకర్ అనే పద్ధతి. 1964లో విస్కాన్సిన్ రాష్ట్రం మొదలుపెట్టింది. మీ ఆదాయంలో ఇంటి పన్ను మోయలేనంత భాగం అయిపోతే, ఆ పైన పడే భారంలో కొంత ప్రభుత్వం తిరిగిస్తుంది. ఇల్లు ఎంత పెద్దది, పన్ను ఎప్పుడు కట్టావు అని కాదు, నీ చేతిలో ఎంత మిగిలింది అని అడుగుతుంది. ఇందులో మిషిగన్ రాష్ట్రం ఇంకో మంచి పని చేసింది. అద్దెకి ఉండేవాళ్ళు కట్టే అద్దెలో 23 శాతాన్ని ఇంటి పన్నుగానే లెక్కేసి వాళ్ళనీ పథకంలో కలుపుకుంది. ఇది చిన్న విషయం కాదండీ. మన చర్చల్లో అద్దెవాళ్ళ ఊసే ఉండదు. ఓనర్ పన్ను పెరిగిందని అద్దె పెంచుతాడు, డిస్కౌంట్ వచ్చిందని అద్దె తగ్గించిన ఓనర్‌ని మీరెవరైనా చూశారా? నాలుగున్నర స్టార్లు, అర స్టారు ఎందుకు కోశానంటే దీనికీ ఫారం నింపాలి, డబ్బు తర్వాతెప్పుడో వస్తుంది.

పన్నునే తర్వాతెప్పుడో కట్టేలా వాయిదా వేసుకునే సదుపాయం గురించి రెండు మాటలు. ఇంటి విలువ ఆకాశంలో ఉండి, చేతిలో పెన్షన్ డబ్బులే ఉన్న ముసలివాళ్ళకి ఇది పనికొస్తుంది. ఐర్లాండ్‌లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళు పన్నుని వెనక్కి నెట్టుకోవచ్చు, ఇల్లు అమ్మినప్పుడో చేతులు మారినప్పుడో వసూలు చేస్తారు, మొదట్లో ఏటా 4 శాతం ఉన్న వడ్డీని 2022 నుంచి 3కి దించారు. తగ్గింపు కాదిది, అప్పే. అయినా ఇల్లు పోకుండా కాపాడే అప్పు కాబట్టి మూడు.

కాలిఫోర్నియాలో ప్రొపొజిషన్ 13 అనే ఇంటి పన్ను నిబంధనని కూడా చాలామంది పేదల రక్షణ కిందే చూపిస్తారు. 1978లో వచ్చింది, మూల పన్ను ఇంటి విలువలో 1 శాతం దాటకూడదు, ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదు, ఇల్లు అమ్మితే కొత్త ధర. పాతకాపులైన ముసలివాళ్ళు నిలదొక్కుకున్నారు నిజమే, కానీ అదే వీధిలో కొత్తగా అప్పు చేసి కొనుక్కున్న కుర్ర జంట పక్కింటాయన కట్టేదానికి ఎన్నో రెట్లు కడుతుంది, పక్కింటాయన పేదవాడా కాదా అన్నది ఎక్కడా రాదు. రెండు.

వడ్డీ మాఫీ మేళాలకైతే ఒక్క స్టారే. పెద్ద బకాయిదారులు అది వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుంటారు, అప్పు చేసి మరీ టైముకి కట్టినవాడు పిచ్చివాడవుతాడు.

మీకు తగ్గింపు వచ్చే అవకాశం ఉంటే మూడు సంగతులు ముందే కనుక్కోండి: వాయిదాల్లో కట్టినా డిస్కౌంట్ ఉంటుందా, దరఖాస్తు ఏటా పెట్టాలా ఒకసారి చాలా, దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా వడ్డీ పడుతుందా. మూడోదానికి జవాబు నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా తీసుకోండి.