చెరువు కాపలాకి కుక్కపిల్ల: నరసాపురం రోడ్డు కెన్నెల్‌కి మూడున్నర స్టార్లు

పాలకొల్లు నుంచి నరసాపురం పోయే దారిలో, కొబ్బరితోట లోపల ఉంటుందండి ఈ కెన్నెల్. బోర్డు లేదు, అరుపుల్ని బట్టి వెళ్లిపోవడమే. మావైపు చెరువుల వాళ్లు కుక్కపిల్ల కావాలంటే అందరూ ఇక్కడికే పోతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నావి ఆకివీడు పక్కన చేపల చెరువులు, బొచ్చె, శీలావతి. రాత్రిపూట వల విసిరేవాళ్లు ఒక బెడద, మోటారు వైర్లు కోసుకుపోయేవాళ్లు ఇంకో బెడద. (రొయ్యల చెరువుల వాళ్లు మాత్రం కుక్కని కంచె లోపలికి రానివ్వకండి. కాళ్లతో జబ్బులు మోసుకొస్తుంది.)

అక్కడ రెండు రకాలున్నాయి. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితాలున్న జర్మన్ షెపర్డ్ పిల్ల 22,000. షెపర్డ్ తండ్రికీ రాజపాలయం తల్లికీ పుట్టిన క్రాస్ పిల్ల 9,000. నేను క్రాస్ పిల్లనే తెచ్చుకున్నా. డబ్బు చూసి కాదు, బొచ్చు చూసి. షెపర్డ్‌కి పైబొచ్చు కింద ఇంకో మెత్తటి పొర ఉంటుంది. మే నెలలో మన ఉక్కపోతకి అది పగలంతా నాలుక వేలాడేసుకుని కుళాయి కిందే ఉంటుంది. రాజపాలయం తమిళనాడు వేటకుక్క, పొట్టి బొచ్చు, ఎండకి ఓర్చుకుంటుంది, కానీ ఒక్క మనిషి మాటే వింటుంది. మాదానికి తల్లి బొచ్చు, తండ్రి వినయం వచ్చాయి. దాని తోడబుట్టినది మా తోడల్లుడి దగ్గరుంది, దానికేమో వీపు మీద గొంగడి కప్పినంత బొచ్చు! ఒకే ఈత పిల్లలు ఇంత తేడాగా వస్తాయని కెన్నెల్ ఆయన ముందే చెప్పాడు, అది ఆయన నిజాయితీ.

నాకు బాగా నచ్చింది చెవుల పరీక్ష. రాజపాలయంలో తెల్లవాటికి పుట్టుచెవుడు ఎక్కువ. తెల్లపిల్లని ఎవరైనా అడిగితే ఆయన దాన్ని నిద్రపోనిచ్చి, వెనక నుంచి మెల్లగా వెళ్లి రెండు కొబ్బరిచిప్పలు టప్పున కొడతాడు. చెయ్యి ఊపితే గాలి తగిలి లేస్తుందని మోచేతులు పక్కలకి అదిమి పెట్టుకుని మరీ కొడతాడు. నా ముందే ఒకటి కదల్లేదు. దాన్ని అమ్మనని పక్కన పెట్టేశాడు. ఒక్క చెవే వినపడకపోతే మాత్రం ఈ చిప్పలకి దొరకదు, దానికి బేర్ అనే మెషిన్ పరీక్ష ఉంది. తల్లినీ చూపించాడు. మేం గేటు తీయగానే లేచి నిలబడింది, అరవలేదు, ఆయన వైపు ఒకసారి చూసి అప్పుడు అరుపు అందుకుంది. కాపలాకి కావాల్సింది అదే. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లనివ్వడు, కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం పెట్టిన 2017 రూల్స్ కూడా అదే చెబుతున్నాయి. లైసెన్సు మాత్రం గోడ మీద కాకుండా బీరువాలో ఉంది.

ఇక కాగితాల కుక్కల దగ్గరికొస్తే నాకు మంట. తండ్రి షో లైన్ది, అంటే అందాల పోటీల కోసం పెంచే వంశం, నడుము వెనక్కి జారిపోయి, నడిస్తే వెనక కాళ్లు ఊగుతున్నాయి. తుంటి ఎక్స్‌రే ఉందా అంటే 'కేసీఐ సర్టిఫికెట్ ఉందిగా అండీ' అంటాడు. ఆ కాగితం తల్లిదండ్రులెవరో చెబుతుంది, అంతే. తుంటి గురించీ ధైర్యం గురించీ అందులో ఒక్క ముక్క ఉండదు. 1899లో స్టెఫానిట్జ్ అనే జర్మన్ కెప్టెన్ ఈ జాతికి క్లబ్బు పెట్టింది గొర్రెలు కాసే కుక్క కోసం. రింగులో నిలబెట్టి ఫొటోలు తీయడానికి కాదు.

క్రాసు కాబట్టి జబ్బు రాదనుకునేవాళ్లు కూడా ఆగండి. లోపం ఒక జాతిలోనే ఉంటే, అదీ తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడే రకమైతే, క్రాస్ కాపాడుతుంది. తుంటి జబ్బు రెండు వైపులా ఉంటే ఏం కాపాడుతుంది? గోమార్లకైతే అసలు జాతి పట్టింపు లేదు. మాదానికి వర్షాకాలంలో టిక్ ఫీవర్ వచ్చి డాక్సీసైక్లిన్ వాడాల్సొచ్చింది.

అసలు గొడవ ఈ ఏడు మొదలైంది. క్రాస్‌కీ క్రాస్‌కీ కట్టించి 'డబుల్ క్రాస్, ఇంకా గట్టిది' అని 12,000 చెబుతున్నాడు. క్రాస్‌కీ క్రాస్‌కీ కలిపితే ఏమవుతుందో కోనసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్ల గోదావరి గంగ కొబ్బరి ఉందిగా, పొడుగు రకానికీ పొట్టి గంగబొండానికీ కలిపింది. ఆ చెట్టు కాయనే విత్తనం పెడితే మళ్లీ గోదావరి గంగ రాదు, తలో రకం వస్తుంది. మొదటి క్రాస్‌లో వచ్చిన అదనపు సత్తువ రెండో తరానికి దాదాపు సగం పోతుంది. విదేశాల్లో గుడ్డివాళ్లకి దారి చూపే కుక్కల్ని తయారుచేసేవాళ్లు లాబ్రడార్‌కీ గోల్డెన్ రిట్రీవర్‌కీ క్రాస్ చేస్తారు, కానీ రెండు జాతుల్నీ విడివిడిగా కాపాడుకుంటూనే చేస్తారు.

కాగితం లేకపోవడం తప్పని నేననను. హాలండ్‌లో 1907 నుంచి ఉన్న కేఎన్‌పీవీ పోలీసు కుక్కల పరీక్షల్లో మాలినా అనే బెల్జియం జాతి క్రాసులు కాగితాల్లేకుండానే నెగ్గుతాయి, దేశదేశాల పోలీసులు కొనుక్కుపోతారు. అలాస్కాలో మంచుబండ్ల పందేలు కొట్టే హస్కీలూ కలగలుపువే. కాకపోతే ఆ పెంపకందార్లకి తాత ముత్తాతలెవరో, ఏది పనిచేసిందో, ఏది బెదిరిందో తెలుసు. మనాయన్ని మా పిల్ల తాత ఎవరండీ అంటే 'ఎవరో కొవ్వూరాయన కుక్కండి' అన్నాడు. ఒక్క నోటుబుక్కు పెట్టుకుంటే పోయేదానికి!

మొదటి క్రాస్ పిల్లలకి నేను నాలుగున్నర ఇస్తా, కాగితాల షెపర్డ్‌కి రెండున్నర. డబుల్ క్రాస్ నేనైతే కొనను. వెళ్లేవాళ్లు సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి, మధ్యాహ్నం ఆయన పడుకుంటాడు. తల్లిని గొలుసు విప్పి నడిపించమని అడగండి, విసుక్కోడు. 9,000 అన్నది 8,000కి దిగుతుంది. ఫోన్‌పే లేదు, నోట్లు పట్టుకెళ్లండి.