వైట్‌ఫీల్డ్ నాయకత్వ శిక్షణ తరగతులు: రెండో రోజుకే ఎక్కువ మార్కులు

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక శిక్షణ సంస్థ నిర్వహించిన రెండు రోజుల నాయకత్వ తరగతులకు గత నెల హాజరయ్యాను. మొదటి రోజంతా ప్రశ్నపత్రాలు నింపించి, మనుషులను స్వభావాన్ని బట్టి వర్గీకరించే మయర్స్-బ్రిగ్స్ పద్ధతిలో మమ్మల్ని 16 రకాలుగా విడదీయడంతోనే సరిపోయింది. జాతకం చెప్పించుకున్నట్టు ఉందే తప్ప, మరునాడు ఆఫీసులో ఏం చేయాలో తెలియలేదు.

అసలు సరుకు రెండో రోజు దొరికింది. నిర్వహణ నిపుణులు పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ఉద్యోగికి ఆ పనిలో ఉన్న నేర్పునూ సుముఖతనూ బట్టి నాయకుడు ఆదేశించడం, నచ్చజెప్పడం, కలిసి ఆలోచించడం, పూర్తిగా అప్పగించడం అనే నాలుగు పద్ధతుల మధ్య మారుతుండాలని, ఒకే మనిషికి ఒక పనిలో ఆదేశమూ మరో పనిలో స్వేచ్ఛా అవసరం కావచ్చునని శిక్షకురాలు ఓపికగా వివరించారు. నా బృందంలో, వివరాలు ముందే రాసి ఇస్తే తప్ప నోరు విప్పని గుంటూరు కుర్రవాడినీ, మాట్లాడుతూనే ఆలోచించే కడప అమ్మాయినీ ఇన్నాళ్లూ ఒకే గాటన కట్టిన నా పొరపాటు అక్కడే బోధపడింది. ఇప్పుడు సమావేశాల చర్చాంశాలను ముందురోజే పంపుతున్నాను.

ఉదాహరణలన్నీ అమెరికా కార్యాలయాలవే కావడం, పైఅధికారికి ఎదురుచెప్పడానికి మనవాళ్లు జంకే తీరును అసలు ప్రస్తావించకపోవడం పెద్ద లోటు. రెండో రోజుకే విడిగా రుసుము కట్టే వీలుంటే నిస్సంకోచంగా సిఫార్సు చేసేవాడిని, ప్రస్తుతానికి ఆ వీలు లేదు.