బిట్‌కాయిన్ కొనేముందు: ఎక్స్ఛేంజీ ఖాతా, ఫోన్ వాలెట్, హార్డ్‌వేర్ వాలెట్ – ఏది మేలు?

బిట్‌కాయిన్లు నిజానికి వాలెట్‌లో ఉండవు. అవి బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ ఖాతాలో నమోదై ఉంటాయి; వాటిని కదిలించే అధికారమిచ్చే రహస్య తాళంచెవి మాత్రమే వాలెట్‌లో ఉంటుంది. అందుకే ఏ వాలెట్ మంచిదని అడిగేముందు ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుందో తెలుసుకోవాలి.

బిట్‌కాయిన్లు కొని అమ్మే వేదికే ఎక్స్ఛేంజీ. కొన్నవాటిని అక్కడే ఉంచితే తాళంచెవి వారి చేతిలో ఉంటుంది. పాస్‌వర్డ్ మరచిపోయినా గుర్తింపు పత్రాలు చూపి ఖాతాను తిరిగి పొందవచ్చు. కొత్తవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. కానీ 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే భారతీయ ఎక్స్ఛేంజీపై జరిగిన సైబర్ దాడిలో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్) ఆస్తులు పోగా, ఏ తప్పూ చేయని ఖాతాదారులు సైతం తమ క్రిప్టోను ఏడాదికి పైగా వెనక్కి తీసుకోలేకపోయారు. మన దేశంలో కొన్ని వేదికలు నాణేలను బయటి వాలెట్‌కు పంపనివ్వవు కూడా. ఖాతా తెరవకముందే ఈ సంగతి విచారించుకోవాలి.

బ్లూవాలెట్ వంటి ఫోన్ వాలెట్లు ఉచితం, తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. చాలా వాలెట్లు మొదట్లోనే 2048 ఆంగ్ల పదాల జాబితా నుంచి 12 లేదా 24 పదాలను వరుసగా చూపిస్తాయి. ఫోన్ పోయినా ఆ పదాలతో మొత్తం సొమ్ము తిరిగి వస్తుంది. పదాలు పోతే, ఫోన్ కూడా పోతే, ఏ కస్టమర్ కేరూ ఆదుకోలేదు. వాటిని స్క్రీన్‌షాట్ తీయకూడదు, వాట్సాప్‌లో దాచకూడదు. వరుస తప్పకుండా కాగితంపై రాసి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. సహాయం చేస్తామంటూ ఆ పదాలు అడిగేవారు ఎవరైనా సరే, మోసగాళ్లే.

ట్రెజర్, లెడ్జర్ వంటి హార్డ్‌వేర్ వాలెట్లు తాళంచెవిని దాచే చిన్న పరికరాలు. వాటిలో లావాదేవీపై సంతకం, అంటే తాళంచెవితో దాన్ని ఆమోదించడం, పరికరం లోపలే జరుగుతుంది గనుక, కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా తాళంచెవి దాని కంటపడదు. వేల రూపాయల ఖర్చు కావడంతో చిన్న మొత్తాలకు ఇది గిట్టుబాటు కాదు. తయారీదారు దగ్గరే కొనాలి. పెట్టెలో ముందే ముద్రించిన పదాల కాగితం ఉంటే, ఆ పదాలు వేరొకరికి తెలుసన్నమాట; ఆ పరికరాన్ని వాడనే కూడదు.

నా అభిప్రాయంలో కొత్తవారికి మొదట ఫోన్ వాలెట్టే మేలు. ఎక్స్ఛేంజీని కొనుగోలుకే పరిమితం చేసి, పోయినా బాధపడనంత మొత్తాన్ని ఫోన్‌లోకి పంపి, ఆ తరువాత యాప్‌ను తీసివేసి, కాగితం మీది పదాలతో మళ్లీ తెరిచి చూడాలి. అది సాఫీగా జరిగాకే పెద్ద మొత్తం సంగతి; పోగొట్టుకుంటే తట్టుకోలేనంత సొమ్ము చేరిననాడు హార్డ్‌వేర్ వాలెట్ కొనాలి.